వెలగని ఎర్రలైటు

మంగళవారం పొద్దున లేచి చూస్తే చార్జరు మీద ఎర్రలైటు వెలగలేదు. వడ్ల లచ్చయ్య గుండె గుభేలుమంది.

ముందురోజు సాయంత్రం పని నుంచి వచ్చి, ఉత్తదైపోయిన బ్యాటరీని చార్జరు గూట్లో దింపినప్పుడు కూడా ఆ లైటు వెలగలేదు. పెద్దపల్లిలో కరెంటు లేకపోవడం ఏమన్నా వింతా? వచ్చినప్పుడు అదే వెలుగుతుందిలే అనుకుని పడుకున్నాడు. ఇప్పుడు నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. చార్జరు మాత్రం నోరు మూసుకుని కూర్చుంది. బ్యాటరీని తీసి మిషనులో పెట్టి మీట నొక్కితే, మిషను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

ఒక లైటు వెలగకపోతే మగవాడు ఇంతగా హడలిపోవాలా అని మీరంటారు. లచ్చయ్య కుడిచెయ్యి చూసిన వాళ్ళెవరూ ఆ మాట అనరు. దుబాయిలో షట్టరింగు పలక జారిపడి ఆ చేతికున్న మూడు వేళ్ళు నుజ్జయిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. ఆ రెండింటితో అన్నం కలుపుకోవచ్చు. సుత్తె పట్టలేడు, చెక్క నునుపు చేసే రందా తోయలేడు. తాతల నాటి నుంచి వడ్లపని, అదే వడ్రంగం, చేసిన ఇంట్లో పుట్టి, మంచంకోడు కూడా బిగించలేనివాడై, ఏడాదిన్నర అక్కడే ఆసుపత్రి తిప్పలు పడి ఇంటికి తిరిగొచ్చి, ఆరు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య యాదవ్వ పొద్దంతా బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఆ ఆరు నెలలూ ఆమె మొగుడి ముఖం కన్నా వీపే ఎక్కువ చూసింది.

దుబాయి క్యాంపులో ఉన్న మలబారు ఫోర్‌మన్, బయలుదేరే రోజున లచ్చయ్య సంచిలో ఒక డబ్బా పెట్టాడు. అది అటక మీదే పడి ఉండేది. ఒకరోజు యాదవ్వ దాన్ని దించి మంచం మీద ధన్‌మని పడేసింది.

"గిదేందో సూడు. లేకుంటె పాతసామాన్లోనికి ఏస్త."

తీసి చూస్తే బొక్కలు కొట్టే మిషను. తీగ లేదు, పిడిలో బ్యాటరీ. ఎడమచేత్తో పట్టుకుని చూపుడువేలితో మీట నొక్కితే చాలు, టేకులోకి కూడా సర్రున దిగేది. మరమేకు పెడితే అదే బిగించేది. ఆ రోజు లచ్చయ్య ఆగలేదు. మంచంకోళ్ళకు, దర్వాజకు, పీటకు, దేనికి పడితే దానికి బొక్కలు కొట్టాడు. యాదవ్వ తిడుతూ నవ్వుతూ ఏడ్చింది. కుడిచెయ్యి పోయిన రెండేళ్ళకు ఎడమచెయ్యి మొలిచిందని వడ్లోళ్ళ వాడ జనమంతా చెప్పుకున్నారు.

ఆ చేతిని నమ్ముకునే లచ్చయ్య కరుణాకర్‌రావు కొత్తింటి తలుపుల పని ఒప్పుకున్నాడు. రందా పని, ఉలి పని బామ్మర్ది రాజానిది. కొలత, బొక్క, బిగింపు లచ్చయ్యవి. దసరా తర్వాత ఇరవై రోజులు చెక్కల నునుపు పనే సరిపోయింది, మిషను తీసే అవసరమే రాలేదు. సోమవారం తీసి నాలుగు కిటికీలు బిగించేసరికి బ్యాటరీ అయిపోయింది. ఇంకా పదకొండు కిటికీలు, పెద్ద దర్వాజ రెండు రెక్కలు మిగిలాయి. గృహప్రవేశం గురువారం తెల్లవారుజామున. కొత్తింటికి ఇంకా మీటరు రాలేదు. ఉన్నది ఒక్కటే బ్యాటరీ.

ఆ దర్వాజ నిలబడితే ఊళ్ళో వడ్ల లచ్చయ్య నిలబడతాడు. లేకపోతే మళ్ళీ మంచం, మళ్ళీ గోడ.

ప్లగ్గు పీకి వేరే బోర్డులో పెట్టాడు. వెలగలేదు. పక్కింట్లో అడిగి పెట్టాడు. వెలగలేదు. బ్యాటరీ మొనకున్న ఇత్తడి రేకుల్ని కిరసనాయిలు గుడ్డతో తళతళా తుడిచాడు. చార్జరును ఒక దెబ్బ కొట్టాడు. రేడియో పాడకపోతే అందరం కొట్టేదే కదా. అదీ ఫలించకపోయేసరికి అన్నీ సంచిలో వేసుకుని కొత్తింటికి పోయాడు. ఎండ బాగా కాస్తోంది. బ్యాటరీని పిట్టగోడ మీద ఎండలో పెట్టాడు.

"గదేంది బావా?" అన్నాడు రాజం, రందా ఆపి.

"రేడియో సెల్లు ఎండల పెడితె మల్ల పాడదా?"

"గిది గా సెల్లు కాదు బావా. ఏడెక్కితె ఖరాబైతది."

"నాకు సెప్తవా నువ్వు?"

గంటసేపటికి బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత కాలింది. మిషనులో పెడితే ఈసారి మూలుగు కూడా లేదు. లచ్చయ్య పిట్టగోడ దగ్గరే కూలబడి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. బావ అవస్థ చూసి రాజం దగ్గరికి వచ్చాడు. చెప్పకుండా ఉంటే పోయేది. ఉండలేకపోయాడు.

"బావా, ఒక మాట. దసరా తెల్లారి నువ్వు పండుకున్నప్పుడు మిషను నేను తీస్కపోయిన. మా దోస్తు ఇంట్ల ఫొటో పెట్టెటందుకు గోడకు నాలుగు బొక్కలు కొట్టిన. సిమెంటు గోడ. జర గట్టిగనే ఒత్తిన. గందుకేనా ఏమో..."

లచ్చయ్య లేచాడు. ఆ లేవడం చూసి మేస్త్రీ తాపీ ఆపాడు, సున్నం వేసేవాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోయారు.

"సిమెంటు గోడకు కొట్టినవా! అడుగకుంట, సెప్పకుంట తీస్కపోయి సిమెంటు గోడకు కొట్టినవా! దుబాయిల ఒక్కపారి పోయింది నా చెయ్యి. నువ్వు రెండోపారి నరికినవ్ రా. నా ఇంట్ల బువ్వ తినుకుంట నా చెయ్యే నరికినవ్. దొంగోడా! పో, నా కండ్ల ముంగట ఉండకు. మల్ల నా గడప తొక్కితె నీ అక్క మీద ఒట్టు."

రాజం చేతిలోని రందాను పలక మీద మెల్లగా పెట్టాడు. తన ఉలుల సంచి తీసుకుని, అందరి కళ్ళూ వీపు మీద పడుతుంటే, గేటు దాటి వెళ్ళిపోయాడు. మేస్త్రీ గొంతు సవరించుకుని మళ్ళీ తాపీ అందుకున్నాడు.

లచ్చయ్య కోపం గేటు దాకా కూడా ఆగలేదు, భయం వచ్చి మీద కూర్చుంది. సంచి భుజాన వేసుకుని బజారుకు ఉరికాడు. బస్టాండు దగ్గర పేతురుకు రేడియో, టీవీల మరమ్మతు దుకాణం ఉంది. పాదిరీల బడిలో చదువుకున్న మనిషి, నెమ్మదస్థుడు. ఆదివారం పిడుగు పడ్డా దుకాణం తీయడు, మిగతా ఆరు రోజులూ తలెత్తడు.

"పేతురన్నా, నీ కాళ్ళు మొక్కుత. గీ లైటు వెలిగియ్యి."

"కాళ్ళు కాదు గని, కుర్చీల కూసో."

పేతురు చార్జరుకు ప్లగ్గు పెట్టి, మీటరు సూదుల్ని గూట్లోకి దించి అడుగున గుచ్చాడు. ముల్లు లేచి నిలబడింది. సూదుల్ని బ్యాటరీ రేకులకు ఆనించాడు. ముల్లు కొంచెమే లేచింది గానీ లేచింది. మళ్ళీ బ్యాటరీని గూట్లో దించాడు. లైటు లేదు. పేతురు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వింతగుంది లచ్చయ్య. చార్జరు మంచిగున్నది. బ్యాటరీ సుత సావలే. రెంటికి నడుమ మాట కలుస్తలేదు."

"మరి కలుపు."

"ఇప్పి చూడాలె. ఇంకో వైరు తోని సీదా కరెంటు ఇయ్యొచ్చు గని, గది పేల్తె నీకున్న గా చెయ్యి సుత పోతది. నేను జెయ్య."

విప్పడానికి స్క్రూడ్రైవరు వెతుకుతుండగానే టేబులు మీది బల్బు ఆరిపోయింది. పన్నెండయింది. ఇక ఆరింటిదాకా కరెంటు రాదు. రోడ్డవతల పిండిమిల్లు చప్పుడు కూడా ఆగిపోయింది.

"సాయంత్రం రా. ఇప్పి చూద్దాం. ఫికర్ జెయ్యకు," అన్నాడు పేతురు.

ఫికర్ చేయకుండా ఉండటానికి లచ్చయ్యేమన్నా రాయా? ఆరింటిదాకా కూర్చునే ఓపిక లేదు. అన్నీ సంచిలో వేసుకుని మళ్ళీ కొత్తింటికే పోయాడు. రాజం వాడే బర్మా, అదే చేత్తో తిప్పి బొక్క కొట్టేది, మూలన కనిపించింది. పెద్ద దర్వాజ రెక్క ముందు కూర్చున్నాడు. ఆదిలాబాద్ అడవి టేకు, ఎర్రగా ఈనెలు తేలి ఉంది. రాజం పది రోజులు రందా పట్టి అద్దంలా నునుపు చేసిన చెక్క. ఎడమచేత్తో బర్మా తల ఒత్తిపట్టి, కుడిచేతి రెండు వేళ్ళతో పిడి తిప్పబోయాడు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు వేళ్ళు జారాయి. బర్మా మొన చెక్క మీద బర్రున గీసుకుంటూ జానెడు పొడుగు గాటు పెట్టింది.

లచ్చయ్య ఆ గాటు మీద అరచెయ్యి పెట్టి మూశాడు. అప్పటికే వెనక నిలబడ్డ కరుణాకర్‌రావు చూడనే చూశాడు.

తిడితే బాగుండేది. కరుణాకర్‌రావు తిట్టే మనిషి కాదు. "లచ్చయ్యా," అన్నాడు మెత్తగా, "రాజం ఎటు పోయిండు?"

"పని మీద పోయిండు సారు."

"అట్లనా. నువ్వు జర పరేషాన్ ల ఉన్నట్టున్నవ్. ఇంటికి పోయి రెస్ట్ తీస్కో. రేపు పొద్దున పది గంటల బస్సుకు కరీంనగర్ నుంచి ఇద్దర్ని పిలిపిస్త. వాళ్ళు చూసుకుంటరు."

"రేపు పొద్దుగూకె వరకు నేనే నిలబెడ్త సారు. ఒట్టు."

"నీ చెయ్యి సంగతి నాకు ఎరుకే గద లచ్చయ్య. తప్పు పడుతలేను. పో."

ఆ మెత్తటి మాటతో లచ్చయ్య చచ్చిపోయాడు. నీ చెయ్యి సంగతి! ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరి నోటా రాకుండా చేసింది ఆ మిషనే. ఇంటికి ఎలా నడిచాడో తెలియదు. సంచిని గడప లోపల పడేసి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అదే మంచం, అదే గోడ. సున్నం పెచ్చులూడిన చోట కూడా అలాగే ఉంది.

యాదవ్వ గడప దగ్గర వాలుటెండలో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంగతంతా వాడంతా తిరిగి ఆమె చెవికి ముందే చేరింది. తమ్ముడిని నలుగురిలో దొంగోడన్న మాట కూడా చేరింది. ఒక కట్ట చుట్టింది. ఇంకో కట్ట చుట్టింది. మంచం మీద ఆ వీపు కదలలేదు.

"ఆర్నెల్లు సూసిన గా ఈపును," అంది చివరికి. "ఇంకోపారి సూడ. నా తోని కాదు."

లచ్చయ్య గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"పనికిరాని సామాను నడింట్ల ఎందుకు? అటక మీదనే పెడ్త."

విసురుగా లేచి సంచిలోంచి మిషను తీసింది. చార్జరు తీసింది. డబ్బాలో పెట్టే ముందు, అలవాటు కొద్దీ, గూటిని బోర్లించి అరచేతిలో దులిపింది. ఏదో రాలింది. వెలుగు దగ్గరికి పట్టి చూసింది. ఎర్రటి పలుకులు రెండు. ముక్కు దగ్గర పెట్టుకుంది. ముక్కిన కొబ్బరి వాసన.

"ఏమయ్యా," అంది, "గీ గూట్లె కుంకుమ ఎవలు పోసిండ్రు?"

లచ్చయ్య వీపు బిగుసుకుంది.

దసరా పొద్దున. పీట మీద బాడిశ, ఉలులు, రందాలు, రంపాలు కడిగి, నూనె రాసి, వరసగా పేర్చారు. వడ్లోళ్ళ ఇంట ఆ రోజు పనిముట్టే దేవుడు. మిషనును, చార్జరును నడుమ పెట్టింది లచ్చయ్యే. రాజం పసుపు గిన్నె అందుకోబోతే "నువ్వు జరుగు, గిది నా చెయ్యి, నేనే జేస్త" అన్నదీ లచ్చయ్యే. అన్ని పనిముట్లకు ఒక్క బొట్టు, మిషనుకు మూడు. చార్జరుకు గూటి అంచు చుట్టూ నిండా కుంకుమ. కొబ్బరికాయ కొట్టి, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే, ఆ నీళ్ళను మిషను మీద, గూటి మీద ధారగా పోశాడు. రెండేళ్ళకు చెయ్యి ఇచ్చిన దేవునికి అంతకన్నా ఏం చేయగలడు?

ఆ నీళ్ళు కుంకుమను తీసుకుని గూటి అడుగుకు దిగి, ఇరవై రోజులు అక్కడే ఎండి గట్టిపడ్డాయి. పేతురు మీటరు సూదులు ఆ పొరను గుచ్చుకుని పోయాయి, బ్యాటరీ రేకులు దాని మీదే ఆగిపోయాయి. మాట కలవనియ్యనిది అది.

లచ్చయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు లేదు.

"నేనే," అన్నాడు. "యాదీ, నేనే పోసిన."

యాదవ్వ పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి అతని చేతిలో పెట్టింది. అతను గూటిని వెలుగుకు పట్టుకుంటే, ఆమె చీరకొంగు కిరసనాయిల్లో తడిపి ఇచ్చింది. ఎడమచేత్తో గీకాడు. ఎర్రటి పొర పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద మూడు రేకులు బయటపడ్డాయి, రెండు వెడల్పువి, ఒకటి సన్నది. సన్నదాని మీద పచ్చగా చిలుము కూడా పట్టింది. పిన్నీసు వంకరపోయేదాకా గీకాడు. తుడిచాడు. కొంగుతో మళ్ళీ తుడిచాడు. ఆరేదాకా ఆగి, బ్యాటరీ దింపి, ప్లగ్గు పెట్టి ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. కరెంటు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. ఇద్దరూ లేవలేదు. యాదవ్వ చేట వైపు కూడా చూడలేదు.

ఆరు దాటాక ఫ్యాను కదిలింది. ఎర్రలైటు వెలిగింది.

యాదవ్వ రెండు చేతులూ జోడించింది. లచ్చయ్య ఏడ్చాడు. సంతోషంతో ఏడుస్తున్నాడని ఆమె అనుకుంది. కొంతవరకే నిజం. లైటు వెలిగిన మరుక్షణం అతనికి రాజం గేటు దాటిపోతున్న వీపు కళ్ళ ముందు నిలబడింది. వీపులు చూడటం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

చెప్పులు వేసుకుని బయలుదేరాడు. రాజం ఇల్లు రైలుపట్టాలకు అవతల. పోయేసరికి వాకిట్లో కూర్చుని ఉలులు నూరుకుంటున్నాడు. బావను చూసి లేవలేదు.

"రాజం, మిషను పని జేస్తుంది. గా సిమెంటు గోడ తోని ఏం గాలే. దసరాకు నేను పోసిన కొబ్బరినీళ్ళే గూట్ల గడ్డ గట్టినయి. తప్పు నాది. నువ్వు రావాలె."

రాజం ఉలి మొనను బొటనవేలితో చూసుకున్నాడు. మళ్ళీ రాయి మీద పెట్టాడు.

"దొంగోడన్నవ్ బావా."

"అన్న."

"నీ ఇంట్ల బువ్వ తిన్ననన్నవ్."

"అన్న. నోరు జారింది. కాళ్ళు పట్టుకొమ్మంటె పట్టుకుంట."

"ఇంట్ల పట్టుకుంటె ఏమొస్తది?" రాజం ఉలి కింద పెట్టాడు. "నలుగురి ముంగట అన్నవ్. గా నలుగురి ముంగటనే సెప్పు. అప్పుడు వస్త."

లచ్చయ్య తల ఊపాడు. వెనక్కి తిరిగాడు.

బుధవారం తెల్లారగానే కొత్తింటి ముందు మేస్త్రీ ఉన్నాడు, సున్నం వేసేవాళ్ళు ఉన్నారు, పంచె సర్దుకుంటూ కరుణాకర్‌రావు ఉన్నాడు. రాజం గేటు బయటే నిలబడ్డాడు. లచ్చయ్య అందరి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ మాట బయటపెడితే, దేవుని పేరుతో తన పనిముట్టును తానే ముంచుకున్న తెలివితక్కువవాడని ఊరంతా నవ్వుతుంది. కరీంనగర్ మనుషులే నయమని రావు సారు అనుకోవచ్చు. అయినా చెప్పాడు. కుంకుమ సంగతి చెప్పాడు, కొబ్బరినీళ్ళ సంగతి చెప్పాడు. చివర గాటు పడ్డ దర్వాజ రెక్కను చూపించాడు.

"గీ గాటు పెట్టింది నేను. మిషను సంపింది నేను. రాజం మీద ఏసిన నింద అబద్ధం. నా తమ్ముని తీరు పని జేసినోన్ని దొంగోడన్న. మీ అందరి ముంగట మాఫీ అడుగుతున్న."

సున్నం వేసేవాడొకడు ఫక్కున నవ్వి, మేస్త్రీ చూపుకు నోరు మూసుకున్నాడు. కరుణాకర్‌రావు గడియారం చూసుకున్నాడు.

"పదింటికి బస్సు వస్తది లచ్చయ్య. గప్పటివరకు పెద్ద దర్వాజ నిలబడితె, వాళ్ళను చాయ తాపి పంపిస్త."

రాజం గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. రెక్కను భుజాన ఎత్తి దర్వాజకు ఆనించాడు. లచ్చయ్య సంచిలోంచి మిషను తీశాడు. అది చేతికొచ్చిన నాటి నుంచి ఈ రోజుదాకా మొదటి మరమేకు వేరేవాడి చేత బిగించనివ్వలేదు అతను. ఇప్పుడు మిషనును పిడి వైపు తిప్పి రాజం చేతికి ఇచ్చాడు.

"నువ్వు కొట్టు. రెక్క నేను పట్టుకుంట."

మిషను సర్రుమంది. మడత బందులు కూర్చున్నాయి. గాటు మీద రాజం ఇత్తడి గొళ్ళెం పెట్టి చూశాడు, సరిగ్గా కప్పుకుంది. తొమ్మిదింబావుకు రెండు రెక్కలూ మూసుకున్నాయి, తెరుచుకున్నాయి, కిర్రుమనలేదు. చెమట తుడుచుకుంటూ రాజం అప్పుడు మొదటిసారి బావ ముఖంలోకి చూశాడు.

"వచ్చే దసరాకు మిషనుకు బొట్టు పెట్టకు బావా."

"పెట్ట."

"నాకు పెట్టు."

లచ్చయ్య నవ్వబోయి ఏడ్చాడు. మిగిలిన రెండు వేళ్ళతో కళ్ళు తుడుచుకుని, కిటికీ రెక్క ఎత్తి పట్టాడు.